చెప్పాపెట్టకుండా మా పొలాన్ని 22ఏలో (రిజిస్ట్రేషన్ చట్టం కింద అమ్మకాలు ఆపే నిషేధిత జాబితాలో) పెట్టారు. ఇలా చేసే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది?

కందిచేను_ప్రకాశం
నిన్న జరిగింది రాస్తున్నా. కోపం ఇంకా తగ్గలేదు, మాట అటూఇటూ అయితే సర్దుకోండి.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. 1986లో మా తాత 2 ఎకరాల 40 సెంట్లు రిజిస్టర్డ్ దస్తావేజుతో కొన్నాడు. పాసుపుస్తకం, అడంగల్, 1బీ, భూమి రికార్డులన్నీ నాన్న పేరు మీదే ఉన్నాయి. ఆ పుస్తకం చూసే బ్యాంకు నాలుగుసార్లు పంట రుణం ఇచ్చింది. చెల్లి పెళ్లి కుదిరితే ఎకరం అమ్ముదామని అగ్రిమెంటు రాసుకుని 3 లక్షలు బయానా తీసుకున్నాం.

నిన్న రిజిస్ట్రేషన్. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత దస్తావేజు గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు. డాక్యుమెంట్ రైటర్ సర్వే నంబరు కొట్టి, కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా స్క్రీన్ మా వైపు తిప్పాడు. నిషేధిత జాబితాలో ఉందట. ఎప్పుడు పెట్టారో తెలీదు, ఎందుకు పెట్టారో తెలీదు. ఒక్క నోటీసు రాలేదు, ఊళ్ళో చాటింపు లేదు. నాన్న అడిగింది ఒక్కటే, "నేనేం తప్పు చేశాను బాబూ?" అని. రైటర్ తల దించుకున్నాడు.

మండల ఆఫీసుకి వెళ్తే "ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో) చుక్కలున్నాయి, మీదేనని మీరే రుజువు చేసుకోవాలి" అన్నారు. నలభై ఏళ్లుగా దున్నుతున్న భూమి మాది అని మేమెందుకు రుజువు చేసుకోవాలి? మాది కాదని వాళ్ళు కదా రుజువు చేయాలి?

సావిత్రి_టీచర్
చదువుతుంటేనే కడుపు తరుక్కుపోయింది బాబూ. పెళ్లి ఎప్పుడు?

కందిచేను_ప్రకాశం
మాఘంలో అనుకున్నామండీ. బయానా ఇచ్చినాయన మంచివాడు కాబట్టి ఇంకా తిరిగి అడగలేదు.

మెట్టరైతు
చుక్కల భూములంటే ఏంటో తెలియని వాళ్ళకోసం. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్, అంటే భూములు మళ్ళీ కొలిచి శిస్తు కట్టే పని, చేసినప్పుడు రిజిస్టర్‌లో పట్టాదారు పేరు రాసే చోట, మనిషి దొరక్కో, పేరు తేలకో, గుమాస్తా చుక్కలు పెట్టి వదిలేశాడు. అంతే. వందేళ్ల కింద ఎవరో పెట్టిన చుక్కలు ఈరోజు మన మెడకి చుట్టుకున్నాయి. నాది కూడా అదే కేసు, నెల్లూరు జిల్లా. చుక్కల భూములు నిజంగానే చుక్కలు చూపిస్తాయి.

రిటైర్డ్_ఆర్‌ఐ
నేను రెవెన్యూలో 31 ఏళ్లు పనిచేశాను. అవతలి వైపు కూడా ఒకసారి వినండి.

22ఏ లేకముందు ఏం జరిగేదో చూసినవాణ్ణి. చెరువు పోరంబోకు, శ్మశానం, గుడి మాన్యం, ఏదైనా సరే, దొంగ కాగితం పుట్టించి రిజిస్ట్రేషన్ చేయించేవాళ్ళు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆపే అధికారం లేదు, ఆయన పని దస్తావేజు నమోదు చేయడమే. ఒకే గుడి మాన్యం ముగ్గురికి అమ్మిన కేసు నా సర్కిల్‌లోనే ఉంది. అందుకే జాబితా వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే జాబితా తయారుచేసిన తీరులో. పైనుంచి ఫోన్ వస్తుంది, రెండు రోజుల్లో లిస్టు కావాలి. ఒక సర్వే నంబరులో 14 ఎకరాలుంటే అందులో వాగు 60 సెంట్లు. సబ్ డివిజన్ చేసి కొలిచే సర్వేయర్ లేడు, టైమ్ లేదు. 60 సెంట్లు వదిలేస్తే రేపు నామీదకు వస్తుంది, 14 ఎకరాలూ పెట్టేస్తే ఎవరూ నన్ను అడగరు. మొత్తం నంబరు పెట్టేసేవాళ్ళం. నేనూ పెట్టాను. ఆ రైతులు తర్వాత నా దగ్గరికే వచ్చి కూర్చునేవాళ్ళు, నా చేతిలో తీసేసే అధికారం లేదు.

స్వతంత్ర59
ఆర్‌ఐ గారు మనసువిప్పి చెప్పినందుకు దండం పెడుతున్నా. మొత్తం సంగతి మీ చివరి రెండు వాక్యాల్లో ఉంది. పెట్టడానికి ఒక గుమాస్తా సంతకం చాలు, తీయడానికి కలెక్టర్ దాకా పోవాలి. ఎక్కువ పెడితే ఉద్యోగికి నష్టం లేదు, తక్కువ పెడితే ఉద్యోగం మీదకొస్తుంది. ఇలాంటి ఏర్పాటులో దేవుణ్ణి కూర్చోబెట్టినా 14 ఎకరాలే పెడతాడు. మనుషులు చెడ్డవాళ్ళు కావడం కాదు సమస్య, ఆ అధికారమే అలాంటిది. అందుకే ప్రభుత్వానికి అంత అధికారం ఇవ్వకూడదని మాలాంటి స్వేచ్ఛావాదులు గొంతు చించుకునేది.

ఎర్రబస్సు
స్వేచ్ఛావాదం వింటానికి బాగుంటుంది. ప్రభుత్వం పక్కకి తప్పుకుంటే ఆ గుడి మాన్యం, ఆ చెరువు ఎవరి చేతికి పోతాయి? ఊళ్ళో బలమున్నవాడి చేతికి. పేదోడికి ప్రభుత్వం తప్ప ఎవరున్నారు?

బార్‌రూమ్_బాబాయి
ముందు కుర్రాడి పని చూద్దాం, సిద్ధాంతాలు తర్వాత.

22ఏ(1)లో అయిదు క్లాజులున్నాయి. (ఎ) చట్టప్రకారం అమ్మకూడనివి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల లాంటివి. (బి) ప్రభుత్వ భూములు. (సి) దేవాదాయ, వక్ఫ్. (డి) భూపరిమితి (సీలింగ్) చట్టం కింద తేలిన మిగులు. (ఇ) ప్రభుత్వానికి ఏదో ఒక హక్కు, ఆసక్తి ఉందని చెప్పుకునేవి. చుక్కల భూముల్ని 2016లో ఈ (ఇ)లోనే పడేశారు. కానీ (ఇ)లో పెట్టాలంటే కారణాలతో, పూర్తి వివరాలతో గెజిట్ నోటిఫికేషన్ ఇవ్వాలని అదే సెక్షన్ రెండో సబ్ సెక్షన్ చెప్తోంది. అది ఇచ్చారా లేదా అన్నదే నీ కేసు.

ఇంకోటి. మానిటర్ చూపించి పంపేస్తే ఇంటికి రావద్దు. దస్తావేజు ప్రెజెంట్ చెయ్యి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా అడుగు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 71 ప్రకారం తిరస్కరిస్తే కారణాలు రికార్డు చేసి నీకు కాపీ ఇవ్వాలి. సెక్షన్ 72 కింద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కి అప్పీలుంది. నోటిమాటకి అప్పీలు ఉండదు, కాగితానికే ఉంటుంది. మనవాళ్ళు నూటికి తొంభైమంది నోటిమాటతోనే వెనక్కొచ్చేస్తారు.

కందిచేను_ప్రకాశం
బాబాయ్ గారూ, నిజంగానే ఆ సంగతి నాకు తెలీదు. మేమూ నోటిమాటతోనే వచ్చేశాం.

ఓరుగల్లు_పోరడు
అన్నా, మాది వరంగల్ దిక్కు. మీకు 22ఏ అయితే మాకు ధరణి, అంటే భూమి రికార్డుల పోర్టల్. 2020 అక్టోబర్ 29న మొదలైంది. అంతకుముందు పహాణీల అనుభవదారు కాలమ్ ఉండేది, అంటే ఎవరు దున్నుతున్నరో రాసేది. ధరణితోని వచ్చిన కొత్త పుస్తకంల ఆ కాలమే లేకుండ పోయింది. సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం) మీద కొనుక్కుని ముప్పై ఏండ్లు దున్నినోళ్ళు ఒక్క రాత్రిల మాయమైపోయిన్రు, ఎప్పుడో అమ్ముకుని పట్నం పోయినోళ్ళ పేరు మళ్ళ పైకొచ్చింది.

మా నాయినకు 3 ఎకరాల 20 గుంటలుండాలె, 3 ఎకరాలే ఎక్కింది. ఆ ఇరవై గుంటల కోసం ధరణిల తప్పులు సరిచేసే టీఎం 33 ల అప్లికేషన్ పెట్టినం. రిజెక్ట్. కారణం రాయలె. మళ్ళ పెట్టినం, మళ్ళ ఫీజు, మళ్ళ రిజెక్ట్. ఎవల్ని అడగాలె? వీఆర్వో లేడు, తీసేసిన్రు. తహసీల్దార్ నా చేతిల లేదంటడు.

సావిత్రి_టీచర్
ఇప్పుడు ధరణి బదులు భూభారతి వచ్చింది కదా నాయనా, 2025 ఏప్రిల్‌లో?

ఓరుగల్లు_పోరడు
వచ్చింది టీచరమ్మా. గ్రామంల సదస్సు పెట్టిన్రు, దరఖాస్తు తీసుకున్నరు, రసీదు ఇచ్చిన్రు. అప్పీలు చేసుకునే దారి చట్టంల పెట్టిన్రు, అది మంచిదే. కానీ ఐదేండ్లు మా నాయిన పడ్డ తిప్పలకు ఎవరన్న "తప్పయింది" అన్నరా? గా ఒక్క మాట కోసం చూస్తున్నడు ఆయన.

గోదారి_గట్టు
మా ఆంధ్రలో ఈ పాపం అంతా పాత ప్రభుత్వానిదే. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో వేసుకున్న రోజే అర్థమైంది.

రేనాటి_సూరీడు
చుక్కల భూముల్ని 22ఏలో పెట్టింది 2016లో అయితే అప్పుడు ఎవరున్నారో గుర్తు తెచ్చుకోండి. 2023 మేలో కావలి మీటింగులో 2 లక్షల ఎకరాలకు పైగా విడిపించింది ఎవరు?

గోదారి_గట్టు
విడిపించింది ఎన్నికలకి ముందు కాబట్టి.

నిర్వాహకుడు
పార్టీల గొడవ ఇక్కడితో ఆపండి. ఇద్దరివీ తర్వాతి పోస్టులు తీసేశాను.

స్వతంత్ర59
నిర్వాహకుడు గారూ, పార్టీలు వద్దు సరే, సంవత్సరాలు మాత్రం ఉండనివ్వండి, ఎందుకంటే వాటిలోనే అసలు కథ ఉంది. మొదటి 22ఏ 1999లో వచ్చింది. ఫలానా లావాదేవీ "ప్రజా విధానానికి వ్యతిరేకం" అని ప్రభుత్వం ప్రకటిస్తే రిజిస్ట్రేషన్ ఆగిపోయేది. రాజస్థాన్‌లో ఇలాంటి సెక్షన్‌నే 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2007లో మనవాళ్ళు కొత్త రూపంలో మళ్ళీ తెచ్చారు. 2016లో చుక్కల భూముల్ని కలిపారు. 2017లో చుక్కలు తీయడానికి ఇంకో చట్టం చేశారు. 2023లో కొన్ని విడిచారు. ఇందులో మూడు పార్టీల చేతులున్నాయి. ఏ పార్టీ వచ్చినా తాళం మార్చలేదు, తాళంచెవి మాత్రం మారింది.

కావలి సంగతి నాకు మరోలా బాధ కలిగించింది. రైతు పొలం రైతుకి తిరిగిస్తే అది బహుమతి ఎలా అవుతుంది? స్టేజీ, దండలు, చప్పట్లు ఎందుకు? తాళం వేసినవాళ్ళే తీస్తూ మనచేత దండం పెట్టించుకున్నారు. ఆ రోజు దండం పెట్టిన రైతుల్ని నేను తప్పు పట్టను. అలా పెట్టాల్సిన స్థితికి తెచ్చినవాళ్ళని తప్పు పడతాను.

మెట్టరైతు
ఆ 2 లక్షల ఎకరాల్లో మాది ఉంది. నేనూ దండం పెట్టాను. ఈ పోస్టు చదివాక ఏమీ అనలేకపోతున్నా.

డాలస్_తెలుగోడు
ఇక్కడ టెక్సాస్‌లో ఇల్లు కొన్నప్పుడు కౌంటీ క్లర్క్ దస్తావేజు తీసుకుని రికార్డు చేశాడు, అయిపోయింది. టైటిల్‌లో లోపముంటే టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది. ప్రభుత్వం మధ్యలో నిలబడి "నువ్వు అమ్మకూడదు" అనదు. ప్రభుత్వానికి హక్కుందనిపిస్తే అది కోర్టుకి వెళ్తుంది.

ఎర్రబస్సు
అమెరికా గురించి మరీ అంత మురిసిపోకండి. 2005లో కీలో కేసు ఏమైంది? కనెటికట్‌లో న్యూ లండన్ ఊరు మామూలు మనుషుల ఇళ్ళు లాక్కుని ప్రైవేటు డెవలప్‌మెంట్‌కి ఇస్తామంటే మీ సుప్రీంకోర్టు 5-4తో సరే అంది.

డాలస్_తెలుగోడు
నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆ ఆడమనిషి సుసెట్ కీలో తరఫున వాదించింది ఎవరు? స్వేచ్ఛావాదులు నడిపే ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్. ఓడిపోయారు, కానీ అక్కడితో ఆగలేదు. ఆ తీర్పు మీద జనానికి వచ్చిన కోపంతో నలభైకి పైగా రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నాయి. కోర్టులో ఓడి బయట గెలవడం అంటే అదీ. ఆ స్థలంలో అనుకున్న డెవలప్‌మెంట్ ఏళ్ల తరబడి రానేలేదు, పిచ్చిమొక్కలు మొలిచాయి.

ఎర్రబస్సు
ఆ కేసులో మీవాళ్ళు పేదల పక్కన నిలబడ్డారు, కాదనను. మనదేశంలో మీ స్వతంత్ర పార్టీ ఎవరి పక్కన నిలబడింది? రాజులు, జమీందారులు, మిల్లు ఓనర్లు. అదే నా అనుమానం.

స్వతంత్ర59
ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నా, కొంచెం పొడుగు రాస్తా.

పార్టీలో సంస్థానాధీశులు ఉన్నమాట నిజం. కానీ మొదటి అధ్యక్షుడు ఎవరు? గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. ఆయన జమీందారుల మనిషి కాదు, వెంకటగిరి జమీందారీకి ఎదురు నిలిచిన రైతుల వెంట నడిచినవాడు. నిడుబ్రోలులో రైతులకోసం పాఠశాల పెట్టినవాడు. అలాంటి మనిషి కాంగ్రెస్‌ని ఎందుకు వదిలాడు? 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. పొలాలన్నీ కలిపేసి ఉమ్మడిగా సాగు చేయాలట. జమీందారు దగ్గర్నుంచి కష్టపడి దక్కించుకున్న చెక్కని ఇప్పుడు సర్కారు సంఘంలో కలపమంటే చిన్న రైతు ఏమైపోతాడు అన్నది ఆయన బాధ. ఆ ఏడాదే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ. "లైసెన్స్ పర్మిట్ రాజ్" అనే మాట రాజాజీ నోటినుంచి వచ్చిందే. 1967కి లోక్‌సభలో 44 సీట్లు.

రంగా గారిలో నాకు నచ్చేది ఒక్కటే. జమీందారు అయినా సర్కారు అయినా రైతు నెత్తిమీద కూర్చుంటే ఒకటేనని ఆయన గ్రహించాడు. తర్వాత కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్ళిపోయాడు, అది నాకు నచ్చలేదు.

ఎర్రబస్సు
రంగా గారి మీద గౌరవం నాకూ ఉంది. కానీ భూమి ఉన్న రైతు గురించే మీ స్వేచ్ఛ. కూలీ మాటేమిటి?

డీపట్టా_బిడ్డ
కూలీ మాట నేను చెప్తా. మా అయ్యకి 1976లో ఎకరంన్నర డీ పట్టా (అసైన్డ్ భూమి పట్టా) ఇచ్చారు. మాది మాదిగపల్లె. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అమ్మకూడదు. స్వతంత్ర గారూ, మీరు చెప్పినట్టు అందరికీ అమ్ముకునే హక్కు ఉండుంటే, ఆ పొలం 1980లోనే పోయేది. మా అన్నకి జ్వరమొచ్చినప్పుడు మోతుబరి దగ్గర అయిదు వందలు తెచ్చాడు అయ్య. ఆయన కాగితం మీద వేలిముద్ర అడిగాడు. "అమ్మితే సర్కారు లాగేసుకుంటది దొరా" అన్న ఒక్క మాటే మా పొలాన్ని కాపాడింది. ఆ రూల్ మాకు గొడుగు.

కానీ ఇంకో సగం కూడా చెప్పాలి. పక్క మండలంలో రోడ్డు కోసం భూమి తీసుకున్నప్పుడు పట్టా రైతుకి లెక్కకట్టి పరిహారం ఇచ్చారు, మా మేనమామకి మాత్రం "అసైన్డ్ కాబట్టి సర్కారుదే" అన్నారు. అదే గొడుగు అప్పుడు బోను అయింది. చదువుకోడానికి కూడా దాని మీద లోన్ రాలేదు నాకు. నేను ఈరోజు టీచర్‌ని, మా అయ్య వేలిముద్ర రోజులు పోయాయి. మమ్మల్ని ఇంకా చిన్నపిల్లల్లాగే చూస్తే ఎలా? నాకు గొడుగూ కావాలి, ఎప్పుడు ముడవాలో నిర్ణయించుకునే హక్కూ కావాలి.

స్వతంత్ర59
అమ్మా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మోతుబరి వేలిముద్ర సంగతికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆలోచిస్తాను.

బార్‌రూమ్_బాబాయి
డీపట్టా తల్లీ, మీ మేనమామ కేసులో సర్కారు చెప్పింది చెల్లదు. 2004లోనే మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చేసింది, అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని. తీర్పు ఉంది, తీర్పు ఉందని మీ మేనమామకి చెప్పేవాడు లేడు.

ఇంకో సంగతి, చాలామందికి ఉపయోగపడుతుంది. ఆంధ్ర ప్రాంతంలో 18-06-1954కి ముందు ఇచ్చిన డీ పట్టాలకి అమ్మకూడదనే షరతు లేదు. ఆ తేదీ జీవోతోనే షరతు వచ్చింది. తెలంగాణ ప్రాంతంలో ఆ తేదీ 25-07-1958. తాతల పట్టా మీద తేదీ చూసుకోండి. అంతకుముందువి కూడా గుడ్డిగా 22ఏలో పెట్టేశారు చాలాచోట్ల. 2023లో ఆంధ్రలో 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకి అమ్ముకునే హక్కు ఇస్తూ సవరణ తెచ్చారు, అది వేరే కథ, తర్వాత అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపారు.

మెట్టరైతు
ఇచ్చారు, ఆపారు. మళ్ళీ ఇస్తారు, మళ్ళీ ఆపుతారు. పెళ్లి ముహూర్తాలు ఎవరు ఆపుతారు?

సావిత్రి_టీచర్
ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి ఎవరైనా వివరంగా రాయండి. ఎన్నికలప్పుడు అరుపులు తప్ప అసలు విషయం అర్థం కాలేదు.

బార్‌రూమ్_బాబాయి
టీచర్ గారూ, ఆ రోజుల్లో మేం వారాల తరబడి కోర్టులు బహిష్కరించి రోడ్డు మీద కూర్చున్నాం, కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

ఆలోచన చెడ్డది కాదు. మన రిజిస్ట్రేషన్ దస్తావేజుకే తప్ప హక్కుకి గ్యారంటీ ఇవ్వదు. హక్కుకే గ్యారంటీ ఇద్దామన్నది టోరెన్స్ పద్ధతి, 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టింది. చాలా దేశాల్లో బాగానే నడుస్తోంది. మన చట్టంలో ముల్లు ఎక్కడుందంటే, నీ హక్కు తేల్చేది టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్. జడ్జి కాదు, ప్రభుత్వం నియమించిన అధికారి. సివిల్ కోర్టుకి తలుపులు మూశారు. పైన అప్పీలు అధికారి, ఆ పైన ఏకంగా హైకోర్టు. రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే తిరుగులేని హక్కు. ప్రకాశం జిల్లా మెట్ట రైతు అమరావతి దాకా వెళ్ళి హైకోర్టులో వకీలుని పెట్టుకోగలడా? 22ఏలో ఉన్న సంగతే ఏళ్ల తరబడి తెలియని మనిషికి రెండేళ్ల గడువు తెలుస్తుందా?

2023 అక్టోబర్ 31న అమల్లోకి తెచ్చారు, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. రద్దయింది కదా అని నేను నిశ్చింతగా లేను. రేపు ఇంకో పేరుతో వస్తుంది.

రిటైర్డ్_ఆర్‌ఐ
ఈ విషయంలో వకీలు గారితో నాది ఒకే మాట. జాబితా రాసిన నేనే న్యాయమూర్తిగా కూర్చుంటే, నా తప్పు నేనే ఒప్పుకోవాలి. ఒప్పుకోను కదా.

స్వతంత్ర59
ఇంకా లోతుకి వెళ్తే 1978కి వెళ్ళాలి. 44వ సవరణ. అంతకుముందు ఆస్తి ప్రాథమిక హక్కు, 19(1)(ఎఫ్), 31 అధికరణాలు. రెండూ తీసేసి 300ఏ అని ఒక్క వాక్యం మిగిల్చారు, "చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదు" అని. తీసేసింది ఎమర్జెన్సీలో జైళ్ళకెళ్ళొచ్చిన జనతా ప్రభుత్వం! స్వేచ్ఛ విలువ తెలిసినవాళ్ళే ఆ పని చేశారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎర్రబస్సు
భూసంస్కరణల్ని ప్రతిసారీ కోర్టుల్లో అడ్డుకుంటుంటే ఏం చేస్తారు మరి? భూస్వాములు ఆ ప్రాథమిక హక్కుని పట్టుకునే కదా ఎకరాలకి ఎకరాలు దాచుకుంది. ఆ చరిత్ర దాటేయకండి.

స్వతంత్ర59
దాటేయను. కానీ వెయ్యి ఎకరాల వాణ్ణి పట్టుకోడానికి విసిరిన వలలో ఈరోజు చిక్కింది 2 ఎకరాల 40 సెంట్ల మనిషి. వెయ్యి ఎకరాల వాడికి పెద్ద వకీళ్ళున్నారు, వాడు ఎప్పుడో బయటపడ్డాడు.

ఎర్రబస్సు
ఈ ఒక్క మాటకి ఎదురు చెప్పలేను. అయినా 22ఏ మొత్తం ఎత్తేయాలనే మీ వాదన ఒప్పుకోను. నోటీసు ఇవ్వాలి, గడువులో తేల్చాలి, తప్పుగా పెట్టిన అధికారికి జరిమానా ఉండాలి. చెరువులు మాత్రం కాపాడాలి.

బార్‌రూమ్_బాబాయి
300ఏ అంత చచ్చిన అధికరణం ఏమీ కాదు. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు అందులోంచి ఏడు హక్కుల్ని బయటికి తీసింది. మొదటిది నోటీసు. రెండోది నీ అభ్యంతరం వినడం. మూడోది కారణాలు చెప్తూ నిర్ణయం. అది భూసేకరణ కేసే, కానీ నోటీసు లేకుండా అమ్మకం హక్కుని గడ్డకట్టించిన చోట నేను దాన్నే పట్టుకుంటా. మన ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ కూడా 2015 చివర్లో 22ఏ మీద స్పష్టంగా చెప్పింది, జాబితాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి, అభ్యంతరాలు వినడానికి కమిటీలు వేయాలి అని.

కందిచేనూ, ఇప్పుడు చేయాల్సింది రాసుకో. ఆర్టీఐ పెట్టు. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "ఎందుకు పెట్టారు" అని అడగొద్దు, అభిప్రాయాలు చెప్పం అంటారు. కాగితాలు అడుగు. మా సర్వే నంబరు ఏ క్లాజు కింద, ఏ తేదీన, ఏ లేఖ ద్వారా చేర్చారో ఆ లేఖ నకలు. గెజిట్ నోటిఫికేషన్ నంబరు, నకలు. పట్టాదారుకి ఇచ్చిన నోటీసు నకలు, అందినట్టు సంతకం నకలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దాంతోపాటు 2017 చట్టం కింద కలెక్టర్ కమిటీకి చుక్కలు తీయమని దరఖాస్తు వేరే పెట్టు, 12 ఏళ్ల అనుభవం రికార్డులో ఉంది కాబట్టి నువ్వు అర్హుడివే.

మెట్టరైతు
ఒక్కడే పెడితే మూలన పడేస్తారు. మా ఊళ్ళో 41 మందిమి కలిసి ఒకే రోజు 41 ఆర్టీఐలు పెట్టాం. టపాల్ రిజిస్టర్‌లో ఎక్కించడానికే వాళ్ళకి సాయంత్రమైంది. నెలలో ఆర్డీవో గారు మా ఊరికే వచ్చారు.

సావిత్రి_టీచర్
ఇది బాగుంది! ఎవరూ రాయి విసరలేదు, బస్సు ఆపలేదు.

ఓరుగల్లు_పోరడు
మెట్టరైతన్నా, ఆ ఫార్మాట్ ఇక్కడ పెట్టు. మా దిక్కు కూడా గట్లనే చేస్తం. కారణం లేకుంట రిజెక్ట్ చేసినోళ్ళందరిని జమ చేస్తున్న, ఇప్పటికి 17 మందైన్రు.

డీపట్టా_బిడ్డ
మా పల్లెలో రాయడం రానివాళ్ళకి నేను రాసిపెడతా. ముందు అందరి పట్టాల మీద తేదీలు చూస్తున్నా, 1954 సంగతి తెలిశాక. ఒకటి 1951ది దొరికింది. పసుపు రంగు కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, మూలన గుండ్రటి సీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ముసలమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది ఇన్నేళ్ళూ. 22ఏలో ఉందని ఆమెకి నేను చెప్పేదాకా తెలీదు.

బార్‌రూమ్_బాబాయి
తల్లీ, ఆ కాగితం ఫోటోలు రెండు వైపులా తీసి పెట్టండి. ఆమె దగ్గర ఒక్క పైసా తీసుకోను.

కందిచేను_ప్రకాశం
ఏడు వారాల తర్వాత వస్తున్నా. మొన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు ప్రెజెంట్ చేశాం. తిరస్కరణ కాపీ ఇవ్వడానికి గంటన్నర మీనమేషాలు లెక్కపెట్టారు, సెక్షన్ 71 అని కాగితం మీద రాసి చూపిస్తే ఇచ్చారు. అప్పీలు వేశాం. చుక్కలు తీయమని దరఖాస్తు కూడా పెట్టాం.

నిన్న ఆర్టీఐ జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నా. "సదరు సర్వే నంబరు 22ఏ(1)(ఇ) కింద చేర్చబడినది. గెజిట్ నోటిఫికేషన్ నకలు ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు. పట్టాదారుకు నోటీసు జారీ చేసిన దాఖలాలు లభ్యం కావడం లేదు." కింద సంతకం, సీలు ఉన్నాయి.

నాన్నకి చదివి వినిపించా. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి చదివాక "అయితే మనం ఏ తప్పూ చెయ్యలేదన్నమాట" అన్నాడు.

పెళ్లికి చిట్టీ పాడి డబ్బు సర్దాం. బయానా ఇచ్చినాయన ఆర్నెల్లు ఆగుతానన్నాడు.

ఓరుగల్లు_పోరడు
పెద్దాయనకు నా దండం చెప్పు అన్నా.

స్వతంత్ర59
ఆ మూడు వాక్యాలు ఈ చర్చకి పైన అతికించమని నిర్వాహకుడిని కోరుతున్నా.

బార్‌రూమ్_బాబాయి
ఇది చాలు నాకు. (ఇ)లో పెట్టామని, నోటిఫికేషన్ నకలు మాత్రం తమ దగ్గర లేదని వాళ్ళే రాసిచ్చారు. అప్పీలు కొట్టేస్తే రిట్ వేద్దాం. నాన్నగారి ఆధార్, 1986 దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పదేళ్ల అడంగల్ తీసుకుని రా. ఆర్టీఐ జవాబు వచ్చిన కవరు కూడా పారేయకు, దాని మీద పోస్టల్ స్టాంపు తేదీ ఉంటుంది. ముఖ్యంగా ఆ కాగితాన్ని భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించకు, ఒరిజినల్ కోర్టుకి కావాలి.

కందిచేను_ప్రకాశం
నాన్న పొద్దున్నే లామినేషన్ షాపుకి బయల్దేరాడు బాబాయ్! ఫోన్ చేస్తున్నా, ఉండండి.